ఆయన లేరండీ

ఆ శనివారం పొద్దున లక్ష్మణ్ పెట్టుకున్న పని చిన్నదే. ఉప్మా పొయ్యి మీది నుంచి దిగేలోగా పదిమంది పాత క్లాస్‌మేట్లకు ఫోన్ చేసి, వచ్చే ఆదివారం అందరూ కలిసేందుకు వస్తారో రారో కనుక్కోవాలి. రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో ముప్పై ఏళ్లు కూర్చుని రిటైరైన మనిషికి అదేమంత కష్టం కాదు.

పద్మారావు నగర్ స్కూల్లో 1979లో పదో తరగతి చదివినవాళ్ల కోసం ఆయన కూతురు అనుపమ ఒక యాప్ తయారుచేసి ఇచ్చింది. బేగంపేటలో ఆమె ఉద్యోగమే అది. క్లాసులో సగం మందివి ఒక రకం ఫోన్లు, మిగతా సగానివి ఇంకో రకం. ఒక్కసారి రాస్తే రెండింటిలోనూ ఒకేలా నడిచేట్టు రాసింది. తెర ఎప్పుడెప్పుడు ఎలా మారాలో అడుగడుగునా చెప్పనక్కర్లేదనీ, ఫలానా స్థితిలో తెర ఫలానా విధంగా ఉండాలని ముందే చెప్పిపెడితే మిగతాది అదే చూసుకుంటుందనీ తండ్రికి వివరించింది. లక్ష్మణ్‌కు తమ స్కూలు గోడపత్రిక గుర్తొచ్చింది. అతికించేది ఒకచోట, చదివేది స్కూలంతా.

ఆయన కోరింది ఒక్కటే. క్లాసులో అప్పటికే ఏడుగురు పోయారు. వాళ్లను మరిచిపోయినట్టు ఉండకూడదు.

"చనిపోయిండ్రు అని రాయకు బిడ్డా, మంచిగుండది. లేరు అని రాయి" అన్నాడు.

అనుపమ అలాగే రాసింది. ప్రతి పేరు పక్కన 'ఉన్నారు', 'లేరు' అని రెండు బటన్లు. లేరు నొక్కితే ఆ మనిషి ఫొటో నలుపు తెలుపుల్లోకి మారుతుంది, బంతిపూల దండ పడుతుంది, కింద దీపం వెలుగుతుంది, ఇంటి చిరునామాతో సహా అందరి ఫోన్లకూ కబురు వెళ్తుంది. ఆ బటన్లు లక్ష్మణ్ ఫోన్లో, అనుపమ కంప్యూటర్లో మాత్రమే ఉంటాయి.

తొమ్మిది ఫోన్లు అయ్యాయి. ఏడుగురు చూద్దామన్నారు, ఇద్దరు మోకాళ్ల నొప్పులన్నారు. పదో పేరు సత్యదేవ్.

ఒకప్పుడు ఆ గోడపత్రికకు రాసేది సత్యదేవ్, దాన్ని అందమైన అక్షరాల్లో దిద్దేది లక్ష్మణ్. ఒకే బెంచీ, ఒకే సైకిలు. సైకిలు తొక్కేవాడికి వెనక కూర్చున్నవాడు పల్లీలు అందించాలన్నది వాళ్ల ఒప్పందం. చదువయ్యాక సత్యదేవ్ ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనిలో చేరాడు. ముప్పై రెండేళ్ల కిందట లక్ష్మణ్ తన పెళ్లి శుభలేఖను తానే స్వయంగా రాసి అచ్చు వేయించి, మొదటిది సత్యదేవ్‌కు పంపాడు. మూడో రోజు అది తిరిగొచ్చింది, ఎర్ర సిరాతో మూడు తప్పులు దిద్ది. లక్ష్మణ్ పెళ్లికి రావద్దని కబురు పెట్టాడు. సత్యదేవ్ రాలేదు. బన్సీలాల్‌పేట్‌లో ఒకరు, పద్మారావు నగర్‌లో ఒకరు, నడిస్తే ఇరవై నిమిషాల దూరంలో, ఇన్నేళ్లూ అలాగే ఉండిపోయారు.

లక్ష్మణ్ గొంతు సవరించుకుని నంబరు నొక్కాడు. అవతల ఆడగొంతు.

"ఆయన లేరండీ."

సరేనమ్మా అని ఫోన్ పెట్టేశాడు. గండం గడిచినట్టయింది. కౌంటర్ అలవాటుగా, ఆలోచించకుండానే, ఇంట్లో లేని మనిషి పేరు పక్కన 'లేరు' నొక్కి, ఉప్మా ప్లేటు అందుకున్నాడు. మూడు సెకన్లలో ఫోన్ గంట కొట్టింది. 'మన సత్యదేవ్ ఇక లేరు.' పైన ఫొటో, దండ, దీపం.

ఆ కబురు తన వేలి చివరి నుంచే వెళ్లిందని ఆయనకు తట్టలేదు. ఆ తల్లి అంత నిబ్బరంగా చెబితే తాను సరేనని పెట్టేశానన్నదొక్కటే తట్టింది. ప్లేటు పక్కన పెట్టి, కళ్లు తుడుచుకుంటూ చెప్పులు వెతుక్కున్నాడు. అంతలో కిషన్ ఫోన్ చేశాడు. వెనక బెంచీ కిషన్, ఇప్పుడు రెండు వ్యాన్ల ఆసామి. నిజమేనా అని అడిగాడు.

"నేనే మాట్లాడిన కిషన్. ఇంటామెనే చెప్పింది" అన్నాడు లక్ష్మణ్.

ఇంక ఎవరికీ అనుమానం మిగలలేదు. గంటలోపే పద్మారావు నగర్‌లో సత్యదేవ్ ఇంటి ముందు ఆటోలు ఆగడం మొదలైంది. లెక్కల్లో ఎప్పుడూ ఫస్టు వచ్చిన జోయా అల్వాల్ నుంచి వచ్చింది. మోకాళ్ల నొప్పులన్న ఇద్దరూ మెట్లెక్కి వచ్చారు. కిషన్ ముందుచూపుతో వ్యాన్లో ఐస్ బాక్స్ కూడా తెచ్చాడు.

సత్యదేవ్ భార్య వీరరాఘవమ్మ తలుపు తీసి, దండలతో నిలబడ్డ ముప్పైమందిని చూసి మురిసిపోయింది. భర్త రిటైరై నెల కాలేదు. ప్రెస్సువాళ్లు ఒక గడియారం చేతిలో పెట్టి పంపించారు. చిన్ననాటి స్నేహితులే సన్మానం చేయడానికి వచ్చారనుకుని కుర్చీలు వేయించింది.

"ఆయన చూస్తే ఎంత సంతోషించేవారో. కాఫీ తాగుతారా, టీయా?" అంది.

దుఃఖంలో మనిషికి మతి చలించిందని జోయా కళ్లు తుడుచుకుంది. ఎదురు చెప్పకుండా అందరూ కాఫీ తాగారు. మనిషి ఎక్కడున్నాడని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. లోపలి గదిలో ఉన్నాడని కొందరు, ఆస్పత్రి నుంచి రావాలని కొందరు అనుకున్నారు.

అదే సమయంలో బన్సీలాల్‌పేట్‌లో లక్ష్మణ్ ఇంటి గుమ్మంలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో ద్రాక్షపళ్ల సంచితో ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. లక్ష్మణ్ భార్య ఊర్మిళ ఆయన్ను ఎన్నడూ చూడలేదు.

"లక్ష్మణ్ ఉన్నాడా అమ్మా?"

"లేడన్నా. పొద్దుగాల్నే పోయిండు. దోస్తు పోయిండని తెలిసి, టిఫిన్ సుత తినకుంట పోయిండు."

పెద్దమనిషి గుమ్మం పట్టుకున్నాడు. ద్రాక్షపళ్ల సంచి కింద పెట్టి, ఎవరా దోస్తు అని అడిగాడు.

"సత్యదేవ్ అని. చిన్నప్పటి దోస్తంట."

"నేనే సత్యదేవ్‌ని" అన్నాడాయన నెమ్మదిగా.

ఊర్మిళ ముందు ఆయన పాదాల వంక చూసింది, తర్వాత కుర్చీ వేసింది. యాప్‌లో లక్ష్మణ్ పేరు చూసి నాలుగు రోజులు తటపటాయించాననీ, ఇంట్లో చెబితే నవ్వుతారని ఫోన్ కూడా తీసుకోకుండా బయల్దేరాననీ ఆయన చెప్పాడు. ఊర్మిళ చాయ్ ఇచ్చి, వంటింట్లోకి వెళ్లి కూతురికి ఫోన్ చేసింది.

"అనూ, జెర చూడు బిడ్డా. మీ నాయిన ఎవరు పోయిండ్రని ఏడ్చుకుంట పోయిండో, ఆయన మనింట్ల చాయ్ తాగుతుండు."

బేగంపేట ఆఫీసులో అనుపమకు సంగతి బోధపడడానికి అర నిమిషం పట్టింది. తండ్రికి చేసింది. ఆయన ఎత్తలేదు. అప్పటికాయన సత్యదేవ్ ఇంటి వరండాలో నాలుగు మాటలు చెప్పడానికి లేచి నిలబడ్డాడు.

"నా పెండ్లి కార్డుల మూడు తప్పులుండె" అన్నాడు లక్ష్మణ్. "అచ్చుకిచ్చే ముందే నాకు తెలుసు. గని అక్షరాలు మంచిగొచ్చినయి, మల్ల రాయబుద్ధి గాలే. వాడు దిద్దినందుకు కాదు నాకు కోపం. దొరికిపోయినందుకు."

అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. సత్యదేవ్ దిగి, తన ఇంటి ముందు ఐస్ బాక్స్ వ్యాన్‌ను చూసి, గుంపు వెనక నిశ్శబ్దంగా నిలబడ్డాడు. సరిగ్గా ఆ నిమిషంలోనే అనుపమ తన కంప్యూటర్లో 'ఉన్నారు' నొక్కింది. అంతకుమించి ఆమె ఏమీ చేయనక్కర్లేకపోయింది. ముప్పై ఫోన్లూ ఒక్కసారిగా గంట కొట్టాయి. దండ పోయింది, దీపం ఆరింది, ఫొటోలోకి రంగులొచ్చాయి. కిషన్ పైకి చదివాడు: 'సత్యదేవ్ మనతో చేరారు. స్వాగతం చెప్పండి.'

ముప్పైమందీ వెనక్కి తిరిగారు. జోయా చేతిలోని గ్లాసు జారింది. వీరరాఘవమ్మ మాత్రం, ఇంతసేపు ఎక్కడికి పోయారని మొగుడిని కోప్పడి, ఆ పూలదండలన్నీ ఆయన మెడలో వేయించింది.

సత్యదేవ్ దండలతోనే నడిచి వచ్చి లక్ష్మణ్ ఎదురుగా నిలబడ్డాడు.

"మూడు కాదురా, నాలుగు" అన్నాడు. "నాలుగోది దిద్దితే మరీ బాధపడతావని వదిలేశాను."

లక్ష్మణ్ ఆయన భుజం పట్టుకున్నాడు. ఆ తర్వాత లక్ష్మణ్ ఏమన్నాడో ఏడుపులో ఎవరికీ తెలియలేదు. మధ్యాహ్నం అందరూ అక్కడే పులిహోర తిన్నారు. సాయంత్రం దాకా ఎవరూ లేవలేదు. వచ్చే ఆదివారం మాట ఎవరూ ఎత్తలేదు, దాని అవసరం తీరిపోయింది.

అనుపమ ఆ రాత్రే 'లేరు' అన్న మాటను తీసేసి, ఎవరూ పొరబడని మాటలు పెట్టింది. ఆ వారంలో ఆమెకు తండ్రి క్లాస్‌మేట్ల నుంచి నాలుగు ఫోన్లు వచ్చాయి. నలుగురూ విడివిడిగా, కొంచెం మొహమాటపడుతూ అడిగింది ఒక్కటే: తమను కూడా ఒక పూట 'లేరు' అని పెట్టడానికి వీలవుతుందా అని.