ధనుంజయుని ఇంజనాయిలు బీరు

కాలువ నీళ్లు వచ్చిన యేడు వరి, రాని యేడు వార్త పండు పశ్చిమ కర్నూలు సీమయందు, తారురోడ్డు సైతం ఎండకు జడిసి మెత్తబడు వైశాఖమాసమున, మగ్గాల టకటకలే మేలుకొలుపులైన ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో, పేరున ధనమూ జయమూ రెండూ కలిగి ఇంట ఒక్కటీ లేని ధనుంజయుడను నడివయసు నేతగాడు, దక్షిణహస్తమున స్పానరును వామహస్తమున సెల్‌ఫోనును ధరించి, అరుగెక్కి, అష్టదిక్కులూ ఉలిక్కిపడునట్లు ఇట్లు గర్జించెను:

"అమ్మా! ఇంట్లోనే బీరు ఏస్తాండా!"

మగ్గం గుంటలో కూర్చుని చీర నేయుచున్న తల్లి గౌరమ్మ చెవికి, ఆ చప్పుడులో, బీరు బోరై చేరెను.

"ఇంట్లో బోరా? మగ్గం గుంటలోకి ఊట వస్తాదిరా! పెరట్లో ఏపిచ్చుకో! ఓ ఈరన్నా, ఇట్లా రాప్పా! మావాడు బోరు ఏస్తాడంట, నీళ్లు యాడుండాయో సూడు!"

నీళ్ల జాడ చెప్పుటలో తనంతటివాడు తానేయని తానే చెప్పుకొను పొరుగింటి ఈరన్న, అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని తక్షణమే ప్రత్యక్షమై, పెరడెల్ల ప్రదక్షిణము చేసెను. ధనుంజయుని పాత మోటారుసైకిలు చెంత ఆ నారికేళము నిటారుగా లేచి నిలిచెను.

"ఈడనే గౌరక్కా! గంగమ్మ పొంగుతాంది. బండి తీపిచ్చు."

"బోరు కాదు మామా, బీరు! తాగేది!" అని కోడలు సుకన్య వంటింటి గడపనుండి సత్యమును వెల్లడించెను.

"తాగేదా?" గౌరమ్మ చేతిలోని నూలు కండె జారెను. "దీనికన్నా బోరే నయం గదనే!"

కొబ్బరికాయ ఆ పూటే చట్నీ అయ్యెను. గౌరమ్మ మాత్రము చల్లారలేదు.

ఇంతకూ సంగతి యేమనగా, ఆదోనిలో బండ్ల సీటుకవర్ల దుకాణము నడుపుచు, తీరిక వేళ, అనగా రోజంతా, మోటారుసైకిలు వీరుల సంఘమునకు అధ్యక్షుడై వెలుగు దేవేంద్ర అను మహనీయుడు ఇంటి బీరు పోటీ ప్రకటించెను. స్వర్గమున సురలకు, ఆదోనిలో సురకు, రెండు చోట్లా దేవేంద్రుడే దిక్కు! చట్టమునకు తలనొప్పి రాకుండునట్లు మత్తు నామమాత్రమై ఉండవలెననియు, మోటారుసైకిలు గుణమేదో ఒకటి సీసాలో కానరావలెననియు నియమము. ఒకడు బ్రేకు బీరన్నాడు, ఇంకొకడు హారను బీరన్నాడు. ధనుంజయుడు మీసము దువ్వి, "నాది ఇంజనాయిలు బీరు! నల్లగా, సిక్కగా, జిడ్డుగా!" అని తేల్చెను. దప్పిగొన్నవానిని ఊరించుటకు ఇంతకు మించిన వర్ణన లేదని ఆ మహాకవి నమ్మకము.

అంతట గౌరమ్మ గుంటలోనుండి లేచి, కొంగు బిగించి, ఆ బండి వైపు వేలు చాపి, ఈ భీషణ ప్రతిజ్ఞ చేసెను:

"ఆ ఇనప దున్నపోతు తాగిన పెట్రోలుకు ఈ పాటికి ఇంకో మగ్గం వచ్చుండు. పోటీలో ఏదో ఒక బహుమానం తెచ్చినావా, బండి నీది. వట్టి సేతుల్తో వచ్చినావా, మర్నాడే పాత సామానోనికి ఏస్తా!"

"తెస్తామ్మా! బండి మీద ఒట్టు!"

"దాని మీద ఒట్టేందిరా? అది యాడ ఆగిపోతాదో దానికే తెల్దు."

ధనుంజయుడు పరుగున పోయి బండికి అడ్డు నిలిచెను. ఎగతాళి పక్కన పెట్టి చెప్పవలెనన్న, పెండ్లయిన కొత్తలో సుకన్యను ఆలూరు నుండి ఎక్కించుకొచ్చినది ఆ రథమే. దారిలో ఎత్తు ఎక్కలేక ఆ కొత్త పెండ్లికూతురి చేతనే తోయించుకొన్నదీ ఆ రథమే. దాంపత్యమునకు అంతటి గట్టి పునాది ఇంకెవరు వేయగలరు!

కావున వీరుడు నడుము కట్టెను. మొలకెత్తించి ఎండబెట్టిన జొన్నలను తిరగలిలో విసిరి, మాడ్చిన రాగులతో కలిపి కాచి, కొరియరులో దిగిన హాప్సు అను పరదేశపు చేదుపూవును అందులో వేసి, గుండిగెడు నల్లని తీయని కషాయము దించి, పెరట్లో చల్లార్చి, దుమ్ము పడకుండ పాత పంచె ముక్కతో వాసెన కట్టి నిద్రించెను. విధి వక్రించెనో, పెరడు ఇరుకో (నా మట్టుకు పెరడు ఇరుకే), పక్కనే గౌరమ్మ మగ్గపు నిలువుపోగులకు, అనగా పడుగుకు, పెట్టుటకై రాగిపిండితో కాచిన గంజి, అదే జతలోని గుండిగలో, అదే పంచె రెండో ముక్కను తలకు చుట్టుకొని కూర్చుండెను.

తెల్లవారెను. వీధి పొడవునా కాఫీరంగు పడుగును సాగదీసి కట్టి, కుంచె చేతబట్టి, గంజి పూయుటకు సాయమొచ్చిన ఈరన్న కేక వేసెను. "గంజి యాడుంది గౌరక్కా?"

"పెరట్లో! వాసెన కట్టిన గుండిగ!"

ఈరన్న దగ్గరున్నదాన్ని ఎత్తుకొనెను. "ఈసారి రాగులు శానా నలుపు" అని ఒక శాస్త్రీయ నిర్ధారణ చేసి, పడుగు ఈ కొసనుండి ఆ కొసదాక బీరు పూసెను.

ఆవల ధనుంజయుడు మిగిలిన గుండిగ వాసెన విప్పి గరిటె ముంచగా, గరిటె పైకి రానని మొండికేసెను.

"సుకన్యా! రా, సూడు! ఎంత సిక్కగా కుదిరినాదో! అచ్చం ఇంజనాయిలే!"

"నాకు గంజి మాదిరి కనపడతాంది."

"నీకేం తెల్సు బీరు సంగతి? నేను యూట్యూబులో సూసినా!"

"ఆ యూట్యూబాయన గరిటె బయటికొచ్చిందా?"

విజ్ఞానమునకు వెటకారము బదులు కాదు గనుక, వీరుడు పులియబెట్టు ఈస్టు పొట్లము ఆ గంజిలో గుమ్మరించి, డ్రమ్ములో పోసి మూత బిగించెను.

ఎండ ముదిరెను. తీయని బీరు తాగిన పడుగు తళతళలాడెను. అప్పుడు, ఓ పాఠకులారా, నేల నెర్రెలు విచ్చి, గండుచీమల గజదళమును, ఎర్రచీమల అశ్వదళమును, చలిచీమల కాల్బలమును బారులు దీరి, మీసములు మెలివేయుచు, పిపీలికాక్షౌహిణి ఆ పడుగునెక్కి కవాతు సాగించెను! పోగుపోగుకు ఒక పటాలము! ముడిముడికి ఒక శిబిరము!

"సీమలు! నా పడుగు!" గౌరమ్మ కొంగు విదిలించుచు పడుగు పొడవునా పరుగెత్తెను. ఈరన్న పోగును నాలుకకు తాకించి, కండ్లు తేలవేసెను. "తీపుండాదక్కా!"

"నిన్న పేరంటంలో ఇచ్చిన బెల్లం ఓళిగలు తిన్న సేత్తోనే కుంచె పట్టినావు గదప్పా!"

"సబ్బుతో కడిగినా!"

"ఏం సబ్బప్పా, బెల్లం సబ్బా?"

పాపము ఈరన్నకు అంటెను, తీపి పడుగుకు అంటినట్లే. చీపురుతో కొట్టిన పోగు తెగును, నీళ్లు కొట్టిన అవి ముడులలో దూరును. ఒంట చీమూ నెత్తురూ ఉన్నవాడెవడు చీమలకు వెనుదీయును? ధనుంజయుడు పంచె ఎగగట్టి, రథమునెక్కి, కిక్కు కొట్టెను. అది కిమ్మనలేదు. మరల కొట్టెను. దగ్గెను. వీధి వీధంతా చూచుచుండగా, "ఒక్కసారే తల్లీ, మళ్లా అడగను!" అని ట్యాంకు నిమిరి కొట్టగా, ఏనాడూ పొగడ్తకు నోచుకోని ఆ బండి పొగకు కరవా! నీలమేఘశ్యామమైన ధూమమును ఉమియుచు, పడుగు పక్కన నత్తనడకన అటొకమారు ఇటొకమారు సాగెను. కండ్లు మండి, దిక్కు తోచక, గజదళము కాల్బలమును తొక్కుచు, సేనలన్నియు పడుగు దిగి, ఈరన్న ఇంటి గడప దాటి, మిగిలిన ఓళిగల (అనగా బొబ్బట్ల) డబ్బాలో శరణు జొచ్చెను.

పడుగు దక్కెను. కడిగి, వేరే గంజి కాచి పెట్టిరి. పొగ వాసన మాత్రము పోలేదు.

"ఈ సీర కట్టినామెను పోలీసోళ్లు లైసెన్సు అడుగుతారేమో" అనెను గౌరమ్మ. బండి మేలు చేసినదని మాత్రం అనలేదు. ఆమె పొగడ్త అంత చవక కాదు.

పోటీ దినము వచ్చెను. సీసాలకు పేరుచీటీలు అంటించుటకు ఇంట జిగురు లేక, మూతి నుండి కారిన బీరుతోనే అంటించి, ధనుంజయుడు ఆదోనికి బయలుదేరగా, తీర్పును కండ్లారా చూచుటకు గౌరమ్మ వెనుక సీటెక్కెను. ఓళిగల పరువు నిలబెట్టుకొనుటకు ఏదైనా సాక్ష్యము దొరకునేమోనని ఈరన్న బస్సెక్కెను.

సంఘపు హాలులో ఐసు తొట్టి నిండ సీసాలు మునిగియుండెను. దేవేంద్ర తెల్లని నూలు కుర్తాతో, తడిసిన గుడ్డవలె వేలాడు దాని పొడుగు చేతులతో, గంభీరముగా గ్లాసులు రుచి చూచుచు వచ్చి, ధనుంజయుని గ్లాసు ఎత్తెను. బీరు దిగలేదు. గ్లాసు తలక్రిందులు చేసెను. బీరు తొణకలేదు.

"ఇదేందన్నా, సంచా పెట్టి తినాల్నా?"

"ఇంజనాయిలు సార్! ఇంజను మాదిరి ఈటెక్కితే పలసబడతాది. సీసాలోది పోస్తా సూడండి!"

పులిసి పులిసి కడుపుబ్బరమెక్కిన ఆ సీసా మూత తీయుటే ఆలస్యము, ఢామ్మని పేలి, లోనిదంతయు దేవేంద్రుని కుర్తాపై అభిషేకించెను! మూడు ఫ్యాన్ల గాలికి అది ఆరసాగెను. ఆరినకొద్దీ కుర్తా అట్టవలె బిగిసెను. తుడుచుకొనుటకు చాచిన చేతులు చాచినట్లే నిలిచిపోగా, ఐరావతము దొరకక తానే ఎగరబోవు ఇంద్రునివలె ఆ మహనీయుడు నిలుచుండెను.

గౌరమ్మ గబగబ వెళ్లి ఆ కుర్తా చేతి అంచును వేళ్ల మధ్య నలిపి చూచెను. తన చేతి గంజిని మరచునా!

"ఓరి నీ ఇంజను కాలా! ఇది నా రాగి గంజి గదరా!"

గౌరమ్మ అందరి వైపు తిరిగి, జోడు గుండిగలను, జోడు వాసెనలను, చీమలను పూసగుచ్చినట్లు విప్పి చెప్పెను. "గంజి వీడు బీరనుకున్నాడు. బీరు ఆయప్ప గంజనుకున్నాడు. సీమలొక్కటే ఏది ఏదో సరిగ్గా కనుక్కున్నాయి!"

"సూసినారా! నా ఓళిగలది తప్పు ల్యా!" వెనుక బెంచీపై నుండి ఈరన్న లేచి ఎలుగెత్తెను. హాలంతా ఘొల్లుమనెను. ధనుంజయుడు ఒక్కడే నవ్వలేదు. కిటికీలోనుండి బండి వైపు చూచుచుండెను.

అయితే రుచిలో మేటియైన సీసాను పైకి తీసినప్పుడు దానికి పేరు లేదు. ఐసునీళ్లలో చీటీలన్నియు ఊడి తేలియాడుచుండెను. "నాదే" అని బ్రేకు బీరాయన, "నాదే" అని హారను బీరాయన, గొంతు గొంతు పట్టుకొనిరి. పేరు చెరగక నిలిచినది, రాగి గంజితో అంటుకొన్న ధనుంజయుని సీసా ఒక్కటే! గొడవ తెగుట కొరకు, చేతులింకా దిగని దేవేంద్ర, "ఈ యేడు రుచికి బహుమానం లేదు! గట్టిగా నిలబడిన పేరుకు ఒక్కటే బహుమానం!" అని తీర్పు చెప్పి, తాళములేవీ లేని ఒక ఉత్త తాళాల గుత్తిని కనుసైగతో ఇప్పించెను.

ధనుంజయుడు అందుకొనబోయెను. గౌరమ్మ ముందే అందుకొనెను.

"గంజి ఎవరిది?"

"నీదే, మా."

"మరి బహుమానమెవరిది?"

వీరుడు తలవంచి, జేబులోని బండి తాళము తీసి తల్లి చేత పెట్టెను. ఆమె దానిని ఆ గుత్తికి తగిలించి, బొడ్డున దోపుకొని, వాకిట నిలిచిన బండిని ఎగాదిగా చూచెను. "పాత సామానోనికి ఏసేది వద్దులే. సీమలు మళ్లా వస్తే ఎవర్ని పిలిసేది? రేపట్నించి నూలు మూటలు దీని మీదనే తేవాల. తాళం నాకాడ, తోలేది నువ్వు. పా, కిక్కు కొట్టు."

విశ్వమా, విను! ఆదోని మహానగరమున, రుచిచే కాక జిగటచే, మత్తుచే కాక గంజిచే, ఒక తాళాల గుత్తిని గెలిచి, తన బండిని తన తల్లికే కోల్పోయి, పాత ఇనుము బారినుండి దానిని కాపాడుకొన్న ధనుంజయునకు జయము! కిక్కు కొట్టెను, కొట్టెను, మరల కొట్టెను, చివరకు గౌరమ్మ దిగి వెనుకనుండి తోయగా, రథము కదిలెను.