తగ్గింపునకు గరిష్ఠ పరిమితి

ఒక చీరను నూట ఐదు శాతం తగ్గింపుతో అమ్మిన ఘనత రాయపూర్ నగరంలో భాగ్యశ్రీకే దక్కింది. దీపావళికి యాభై శాతం, కొత్త కస్టమర్లకు ముప్పై, స్నేహితుల పేరు చెప్పినవారికి ఇరవై ఐదు అంటూ ఆమె తన ఆన్‌లైన్ దుకాణంలో మూడు కూపన్లు ప్రకటించింది. మూడూ ఒకే చీరకు చెల్లవని వెబ్‌సైటుకు చెప్పడం మరిచిపోయింది. వెబ్‌సైటు బుద్ధిగా మూడింటినీ కూడి, చీర ఉచితంగా ఇవ్వడమే కాక, పుచ్చుకున్నవారికి ఐదు శాతం ఎదురివ్వాలని బిల్లులో తేల్చింది.

భాగ్యశ్రీ భర్త సిల్తారా ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర చెమటోడ్చేవాడు. ఆమె మేడమీది గదిలో కూర్చుని, పండ్రి బట్టల మార్కెట్లో తెచ్చిన కోసా పట్టుచీరలకు ఫోటోలు తీసి అమ్మేది. తనకంటూ ఒక పని ఉండాలని రెండేళ్లుగా ఆ గదిని నమ్ముకుంది.

నూట ఐదు శాతం తగ్గింపుతో ఆ చీర కొన్న పుణ్యాత్మురాలు రైల్వే కాలనీ తాయారమ్మ. చీర అందిన మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది.

"చీర వచ్చిందమ్మా, రంగు శానా బాగుంది. మరి ఆ పైన ఐదు శాతం నా ఖాతాలో ఎప్పుడేస్తావు?"

"పిన్నిగారూ, ఏదో పొరపాటు జరిగింది. చీర ఉంచేసుకోండి, అది మాత్రం..."

"గల్తీ నీది కదమ్మా. నానేటి సేస్తాను?"

భాగ్యశ్రీ ఐదు శాతమూ వేసింది. సాయంత్రానికి కాలనీలో చీర కట్టేవారూ, కట్టనివారూ కూడా కొత్త కస్టమర్లయ్యారు. ఆర్డర్లు రద్దు చేస్తే ఒక్క నక్షత్రమే ఇస్తామని ముందుగానే మర్యాదగా తెలియజేశారు. గదిలో ఖాళీ అట్టపెట్టెలు మిగిలాయి. పెళ్లినాటి గాజులు అమ్మి ఆమె మళ్లీ సరుకు తెచ్చింది.

ఈ సంక్షోభ సమయంలో బాబాయి రామమూర్తి రంగప్రవేశం చేశారు. ఆయన నయా రాయపూర్ సచివాలయంలో పనిచేసి రిటైరయ్యారు. అక్కడి విశాలమైన రోడ్ల మీద మనుషులకంటే ఉత్తర్వులే ఎక్కువగా తిరిగిన రోజుల్లో, వాటిలో సగం ఆయన రాసినవేనని ప్రతీతి. ఆయన తనను తానే ఏకసభ్య సంఘంగా నియమించుకుని, రెండు కప్పుల టీ అనంతరం నివేదిక సమర్పించారు.

"ఎన్ని తగ్గింపులు కలిసినా నలభై శాతానికి మించరాదు. మించినట్లు కనబడినచో మించనట్లుగానే భావించవలెను."

భాగ్యశ్రీ దాన్ని అక్షరాలా అమలు చేసింది. కాలనీ భగ్గుమంది. తాయారమ్మ అధ్యక్షతన మహిళలు సమావేశమయ్యారు.

"ఇవాళ ఛూట్‌కి హద్దు పెట్టారు. రేపు మన ఆశకి హద్దు పెడతారు. ఊరుకుందామా?" అని ఆమె గంభీరంగా ప్రశ్నించింది.

ఊరుకోరాదని ఏకగ్రీవంగా తీర్మానించి, అందరూ చీరలు కొనడం మానేశారు. బీరువాల్లో ఖాళీ లేకపోవడం వల్ల త్యాగం అంత కష్టమనిపించలేదు.

అప్పుడు భాగ్యశ్రీ ఒక దుస్సాహసానికి ఒడిగట్టింది. నిజమైన ధర రాసింది. తగ్గింపు పోగా పడే ధరకంటే కూడా తక్కువ. కూపన్ లేదు, శాతం లేదు. వారమంతా ఒక్క చీరా కదలలేదు. ఉండబట్టలేక భాగ్యశ్రీ తాయారమ్మ ఇంటికే వెళ్లింది.

"పిన్నిగారూ, మునుపటికంటే సస్తాగా ఇస్తున్నాను కదా. ఎందుకు కొనడం లేదు?"

తాయారమ్మ జాలిగా చూసింది. "సస్తాగా ఇస్తే ఏటి లాభమమ్మా? తగ్గించి ఇవ్వాల గానీ."

ఇంటికొచ్చి భాగ్యశ్రీ ఏడ్చింది. కళ్లు తుడుచుకుంటుంటే బోసి చేతులు మరీ బోసిగా కనిపించాయి.

బాబాయి నివేదికను సవరించారు. శాతానికి పరిమితి ఎత్తేసి రూపాయలకు పెట్టారు. "ఎనభై శాతం తగ్గింపు" అన్నది తాటికాయంత అక్షరాల్లో, "గరిష్ఠంగా నూరు రూపాయలు" అన్నది చీమ తలకాయంత అక్షరాల్లో వేయించారు. ధరను అంతకుముందే ఐదు వందలు పెంచారు. మధ్యాహ్నానికి సరుకంతా చెల్లిపోయింది. ఆదివారం కాలనీ మహిళలు భాగ్యశ్రీకి శాలువా కప్పారు. ఇది ప్రజా పోరాట విజయమని తాయారమ్మ అభివర్ణించింది.

భాగ్యశ్రీకి మనసొప్పలేదు. ఆమెను పక్కకు పిలిచింది.

"పిన్నిగారూ, అసలు ధర మీద మీరు నాలుగొందలు ఎక్కువ కట్టారు. ఆ చిన్నక్షరాలు చూడలేదా?"

"చూశానమ్మా. కళ్లజోడుంది కదా."

"మరి?"

తాయారమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మా పక్కింటి కోటమ్మకి బజార్లో డెబ్బై శాతమే ఇచ్చారట. నాకు ఎనభై. అది వినేసరికి దాని మొహం సూడాల నువ్వు. నాలుగొందలకి అలాటిది ఇంకెక్కడ దొరుకుతాది?"

ఆ తరువాత భాగ్యశ్రీ బాబాయిని శ్రమపెట్టలేదు. ప్రకటన తనే రాసింది. ఇప్పుడు రాయపూర్ నుంచి అభన్‌పూర్ దాకా కస్టమర్లందరి ఫోన్లకూ ఒకే నిమిషంలో ఒకే సందేశం వెళుతోంది: "మీ పక్కింటివారికంటే ఐదు శాతం ఎక్కువ తగ్గింపు. మీకు మాత్రమే."

అందరికీ అదెలా సాధ్యమని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఇదంతా చదివాక మీరూ అడగరు. లింకు పంపమంటారు.