గిన్నెలకు ముందు సీటు

మచిలీపట్నం పరాసుపేట వాస్తవ్యులు, ఆఫీసులో సూపరింటెండెంటు, సంఘంలో పెద్ద, శ్రీ శామ్యూల్ రాజ్ గారు రానున్న శని, ఆదివారాల్లో సకుటుంబంగా థీమ్ పార్క్‌కు వెళ్లనున్నారని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. తెలియజేసింది ఆయనే. ముందు ఆఫీసులో, తరవాత చర్చి మెట్ల మీద, ఆ తరవాత బంధువుల వాట్సాప్ గ్రూపులో. భార్య రెబెకాకు మాత్రం ఈ సంగతి చేపల సుబ్బాయమ్మ ద్వారా తెలిసింది. గిలకలదిండి రేవు నుంచి తెచ్చిన గంప గుమ్మంలో దించుతూ, "ఊరెళ్తున్నారంటగా అమ్మా, శనివారం చేప వద్దేమో?" అని ఆమె అడిగింది.

ఈ నిర్ణయం వెనక మహత్తర కారణమే ఉంది. ఆఫీసులో పక్క సీటు నాగభూషణరావు పెళ్లాం పిల్లలతో ఎక్కడికో వెళ్లి, రబ్బరు ట్యూబులో కూర్చుని నీళ్లలోకి జారుతున్న ఫోటో స్టేటస్‌లో పెట్టాడు. అది చూసిన పూట శామ్యూల్ రాజ్‌కు అన్నం సహించలేదు. పిల్లల సంతోషం కోసం మన తండ్రులు పడే తపన అలాంటిది.

రెబెకా ఆసుపత్రిలో నర్సు. వార్డులో గొంతు పెంచకూడదు. ఇంట్లో పెంచే వీలు అంతకన్నా లేదు. కూతురు హేమ తన ఫోన్‌లో ఆ పార్కు వీడియో చూపించింది. బెజవాడ అవతల హైవే పక్కన కొత్తగా కట్టారట. ఇంత ఎత్తు నుంచి ట్యూబు జారుతుంటే అందులోని ఆడవాళ్లు ప్రాణం పోయినట్టు అరుస్తున్నారు. కింద నిలబడ్డవాళ్లు ఎవరూ పట్టించుకోవడం లేదు. రెబెకా ఆ వీడియో మళ్లీ మళ్లీ వేయించుకుని చూసింది. తనూ ఒక్కసారి అలా గొంతు చించుకుని అరవాలి, ఎందుకు అరిచావని ఎవరూ అడగని చోట. ఆమెకు కావలసింది అంతే. అందుకోసం సాటి నర్సు లక్ష్మీదుర్గకు పడ్డ దసరా డ్యూటీ తన నెత్తిన వేసుకుని, ఆ రెండు రోజులూ సెలవు సంపాదించింది.

యాత్రా సన్నాహక సమావేశం హాల్లో జరిగింది. శామ్యూల్ రాజ్ లేచి నిలబడి ప్రసంగించారు. సభికులు రెబెకా, హేమ.

"కుటుంబ విహారయాత్ర అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. క్రమశిక్షణ కావాలి. సమన్వయం కావాలి. అందరినీ కలుపుకుపోవాలి."

"అందరూ అంటే మనం ముగ్గురమేగా డాడీ?" అంది హేమ.

ఆయన కూతురి వైపు జాలిగా చూశారు. లోకజ్ఞానం లేని పిల్ల.

లోకజ్ఞానం మర్నాడే ఫోన్ చేసింది. గుడివాడ నుంచి ఆయన అక్కగారు సరోజిని. "ఏరా తమ్ముడూ, బెజవాడ దాకా వెళ్తూ మా గుమ్మం తొక్కకుండా పోతారా? మీరు గొప్పోళ్లయిపోయార్రా." బందరు నుంచి బెజవాడకు రోడ్డున వెళ్తే గుడివాడ తగలదు. కానీ రైల్లో వెళ్తే తగులుతుంది కాబట్టి తగిలినట్టేనని తీర్మానించారు. ఈ వార్త తెలిసి నాగాయలంక నుంచి మేనత్త కొడుకు రాజబాబు, రొయ్యల చెరువుల ఆసామి, ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడాడు. "గుడివాడోళ్లకున్న విలువ మాకు లేదన్నమాట బావా. కానీలే."

ఈ "కానీలే" అనే మాటకు మా జిల్లాలో ఉన్న శక్తి అంతా ఇంతా కాదు. కోర్టు నోటీసు వస్తే వాయిదా అడగొచ్చు గానీ దీనికి వాయిదా లేదు. పార్కు ఉత్తరాన, నాగాయలంక దక్షిణాన ఉన్న మాట నిజమే. భూగోళం బంధుత్వానికి అడ్డు రాకూడదని శామ్యూల్ రాజ్ సెలవిచ్చారు. శనివారం నాగాయలంకలో భోజనం, రాత్రి అక్కడే బస. ఆదివారం గుడివాడలో ఆరాధన, అక్కగారింట విందు. ఆపైన పొద్దుంటే పార్కు.

"పొద్దుండదండీ," అంది రెబెకా.

"నువ్వు ప్రతిదానికీ అడ్డు చెప్తావు."

అక్కగారు కుటుంబంతో సహా శుక్రవారమే బందరు వచ్చి దిగారు. తమ ఇంటికి తమను తీసుకెళ్లడానికి. రాజబాబు అత్తమామలు బందరులోనే ఉంటారు గనక వారినీ వదలలేదు. ప్రయాణం క్షేమంగా సాగాలని ప్రార్థన చేయడానికి వచ్చిన పాస్టర్ శ్యాంబాబు గారు, పిలవగానే కాదనలేక తామూ బయల్దేరారు. వీధి మలుపులో ఫ్లెక్సీ లేచింది. రోలర్ కోస్టర్ మీద వరసగా బంధువుల తలకాయలు అతికించి, పైన "విహారయాత్ర దిగ్విజయం, శుభాకాంక్షలు" అని రాయించారు. రెబెకా తల అందులో లేదు. చోటు చాల్లేదట.

అప్పుడే హేమ ఒక ఘోరమైన విషయం బయటపెట్టింది. పార్కులోకి బయటి తిండి రానివ్వరు. శామ్యూల్ రాజ్ ముఖం ఎర్రబడింది. "మన ఇంటి ఆడవాళ్ల వంటకు గౌరవం లేని చోట మనం అడుగు పెట్టం," అని ప్రకటించారు. బంధువులు చప్పట్లు కొట్టారు. ఆ విధంగా థీమ్ పార్క్ యాత్ర నుంచి థీమ్ పార్క్‌ను ఏకగ్రీవంగా తొలగించారు. తన గౌరవార్థం ఇదంతా జరుగుతుంటే, ఆ ఇంటి ఆడమనిషి రెబెకా వంటింట్లో గోంగూర వేయిస్తోంది. ఆమెకు కళ్లు మండాయి. మిరపకాయల ఘాటు అనుకున్నారు.

శనివారం పొద్దున్నే వ్యాను వచ్చింది. పెద్దలు ఎక్కారు, పిన్నలు ఎక్కారు. డ్రైవరు పక్క సీటులో పలావు డేగిసాను కూర్చోబెట్టి, కదలకుండా బెల్టు పెట్టారు. పులిహోర గిన్నెకు కిటికీ పక్కన చోటిచ్చారు. ఇక రెబెకాకూ హేమకూ చోటు మిగల్లేదు.

"మనమే సర్దుకోవాలి," అన్నారు శామ్యూల్ రాజ్ ఎంతో హుందాగా. "మీరిద్దరూ ఆర్టీసీ బస్సులో వెనకాలే వచ్చేయండి. వడ్డించే వేళకి అందుకోవాలి సుమా."

బస్టాండులో నాగాయలంక బస్సు, విజయవాడ బస్సు పక్కపక్కనే ఆగి ఉన్నాయి. రెబెకా కాసేపు రెంటినీ చూసింది. చేతిలో పెరుగుపచ్చడి డబ్బా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి ఒక బస్సెక్కింది.

"మమ్మీ, నాగాయలంక బస్సు ఇది కాదు, ఆ పక్కది," అంది హేమ.

"చూశాన్లే. ఎక్కు."

పార్కులో ఆ ఎత్తు మీంచి ట్యూబు జారుతున్నప్పుడు రెబెకా అరిచింది. మొదటిసారి భయంతో అరిచింది. మళ్లీ మెట్లెక్కి వెళ్లి, ఈసారి భయం లేకుండా అరిచింది. గొంతు పోయేదాకా ఎక్కుతూనే ఉంది. మధ్యలో ఒకసారి ఏడుపొచ్చింది. ముఖమంతా నీళ్లే కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఇంత హాయి ఉంటుందని ఆమె ఎన్నడూ ఎరగదు.

నాగాయలంకలో విస్తళ్లు వేశాక గానీ ఆమె రాలేదన్న సంగతి సభ వారి దృష్టికి రాలేదు. వెంటనే ఆందోళన మొదలైంది. శామ్యూల్ రాజ్ మెసేజ్ పెట్టారు. సాయంత్రం పార్కు బయట ఫోన్ తెరిచి హేమ పైకి చదివింది. "గరిటె ఎక్కడ పెట్టావు?"

తరవాతి ఆదివారం చర్చిలో శామ్యూల్ రాజ్ సాక్ష్యం చెప్పారు. తమ కుటుంబాన్ని దేవుడు క్షేమంగా తీసుకెళ్లి తీసుకొచ్చిన విధానాన్ని ఆయన వర్ణిస్తుంటే, కుటుంబం ఆడవాళ్ల వరసలో, అరిచి పోయిన గొంతు ఇంకా రాక కూర్చుని ఉంది. ఆరాధన అయ్యాక చెట్టు కింద ఆడవాళ్లంతా రెబెకాను చుట్టుముట్టారు. ఎక్కడికి వెళ్లిందో అందరికీ తెలుసు. పార్కు ఎలా ఉందని గానీ, గొంతు అలా ఎందుకు పోయిందని గానీ ఒక్కరూ అడగలేదు. అందరిదీ ఒకటే బెంగ.

"అయ్యో, మరి వాళ్లందరికీ వడ్డన ఎవరు చేశారే?"

పాఠకులకూ ఇందాకటి నుంచీ ఇదే బెంగగా ఉందని తెలుసు గనక మనవి చేస్తున్నాం: కంగారు పడకండి. గరిటె దొరికింది. అందరూ కడుపునిండా తిన్నారు. ఆ రోజు తెల్లవారుజామునే లేచి అంత వంటా చేసి, బందరు నుంచి బస్సెక్కిన మనిషి ఏమైనా తిన్నదా అని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మీరూ అడగలేదు.