ఇంటికొచ్చిన బండికి మేత

ఆ శుక్రవారం పొద్దున విజయమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. గిద్దలూరులో రమణ పాత కార్ల దుకాణంలో ఉన్న కరెంటు కారును నిండుగా ఛార్జింగ్ పెట్టించి, తానే మార్కాపురం దాకా తోలుకుపోయి, సాయంత్రానికి తిరిగి రావాలి. ఎన్ని కిలోమీటర్లకు ఎంత బ్యాటరీ ఖర్చయిందో రాసుకోవాలి. బాగుంటే కొనాలి, లేదంటే తాళం రమణ బల్ల మీద పడేసి ఇంటికి రావాలి.

ముప్పై ఏళ్ళు నర్సమ్మగా పల్లెలు తిరిగి రిటైరైన మనిషి ఆమె. ఆ ముప్పై ఏళ్ళూ బస్సు కోసమో, ఆటో కోసమో, మొగుడి స్కూటరు కోసమో రోడ్డు పక్కన నిలబడటంతోనే సరిపోయింది. రిటైరైన మరుసటి నెలలోనే పట్టుబట్టి కారు నేర్చుకుంది. ఇక ఎవరి కోసమూ నిలబడేది లేదని ఇంట్లో ప్రకటించింది. ఆమె భర్త సుందరరాజుకు మాత్రం ఈ వ్యవహారం సుతరామూ నచ్చలేదు.

"ఎవరో వాడి వదిలేసిన కరెంటు కారు కొంటావా? బ్యాటరీ చచ్చిందంటే అది కారు కాదు, కోళ్ళగూడు. ఆ రమణ నీకు టోపీ పెడతాడు చూడు," అన్నాడు.

"నేను మోసపోతే బతికినంత కాలం స్టీరింగు ముట్టను. మోసపోలేదనుకోండి, నా డ్రైవింగు గురించి మీరు బతికినంత కాలం నోరెత్తకూడదు. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకున్నా," అన్నాడు సుందరరాజు అప్పుడే గెలిచినంత సంబరంగా. భార్య ఓడిపోయే ఘడియను కళ్ళారా చూడాలని కారు వెనక సీట్లో తనూ ఎక్కి కూర్చున్నాడు.

ఆ మోడలు కారు రెండు సైజుల బ్యాటరీలతో వచ్చిందని విజయమ్మ ఫోనులో చూసి తెలుసుకుంది. పెద్ద బ్యాటరీ అయితే ఒకసారి నింపితే రెండు వందల యాభై కిలోమీటర్లు పోతుంది. చిన్నదైతే కొత్తలోనే నూట యాభై. పైకి చూస్తే రెండు కార్లూ కవలపిల్లలే. అందుకే రెండు రోజుల ముందే రమణను నిలదీసింది.

"పెద్ద బ్యాటరీనే సిస్టరమ్మా! ఆరోగ్యం నూటికి తొంభై అయిదు. నెల్లూరు డాక్టరు వాడినాడు, పసిబిడ్డ మాదిరి చూసుకున్నాడు," అన్నాడు రమణ.

"ఒంగోలులో మిషను పెట్టి చూస్తారంట కదా. చూపించి కాగితం తేపో."

"నా మాట మీద నమ్మకం లేదా?"

"లేదు," అంది విజయమ్మ. "నేను పుట్టిన బిడ్డను కూడా తూకం వేసినాకనే బరువు రాసినా."

ఒంగోలు మాట ఎత్తితే రమణకు ఎందుకో పనులన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. చివరికి ఒంగోలుకు బదులు ఈ మార్కాపురం ప్రయాణం ఖాయమైంది. విజయమ్మ బయానా ఇచ్చింది. రమణ తన మెకానిక్కు యేసుబాబును తోడు పంపాడు. యేసుబాబు ఇరవై ఏళ్ళుగా డీజిలు ఇంజన్లు విప్పుతున్నవాడు. కరెంటు కార్ల గురించి అతనికి తెలిసింది విజయమ్మకు తెలిసినదాంట్లో సగం, చెప్పే ధైర్యం మాత్రం రెట్టింపు.

బేస్తవారిపేట చేరేసరికి ముప్పై అయిదు కిలోమీటర్లయ్యాయి. బ్యాటరీ అంకె నూరు కాస్తా డెబ్భైకి దిగింది. వెనక సీట్లోంచి "హల్లెలూయ" అని వినిపించింది.

విజయమ్మ పళ్ళు కొరుక్కుంటూ పాత రిజిస్టరులో అంకె రాసుకుంది. ఆ రోడ్డు మీదే ఆమె మేనమామ జ్ఞానయ్య ఇల్లు. ఆగకుండా పోయిందని తెలిస్తే ఆయన ఆరు నెలలు మాట్లాడడు. సరే, పది నిమిషాలని దిగారు. ప్రార్థన, ఇడ్లీలు, యోగక్షేమాలు, మళ్ళీ ప్రార్థన అయ్యేసరికి గంట దాటింది.

ఆ గంటలో బయట జరిగింది లోపల ఇడ్లీలు తింటున్నవాళ్ళకు తెలియదు. జ్ఞానయ్య ఒకప్పుడు ఎడ్లబండి మీద పలకరాళ్ళు తోలిన మనిషి. చుట్టం బండి కట్టుకుని ఇంటికొస్తే, చుట్టానికి కాళ్ళకు నీళ్ళిచ్చే లోపే ఎడ్లకు కుడితీ మేతా పడాలి. ఆ సంగతి చుట్టానికి చెప్పుకోవడం మర్యాద కాదు. అది ఆయన పెరిగిన పద్ధతి. కారు కరెంటుతో నడుస్తుందని తెలియగానే, పక్కింటి బ్యాటరీ ఆటో అతన్ని పిలిచి, డిక్కీలోని తీగ తీయించి, మోటారు ప్లగ్గుకు తగిలించాడు. అతిథులు చేతులు కడుక్కునే వేళకు తీగ చుట్టి యథాప్రకారం పెట్టించాడు. వాళ్ళు అటు బయలుదేరగానే తర్లుపాడులో ఉన్న విజయమ్మ చెల్లెలు దీవెనకు ఫోన్ చేసి, "మీ అక్క వస్తాంది. బండిని పస్తుంచొద్దు. పైకి చెప్పొద్దు," అని జాగ్రత్తలు చెప్పాడు.

కారెక్కిన విజయమ్మ అంకె చూసి కళ్ళు నులుముకుంది. ఎనభై నాలుగు.

"తగ్గాల్సింది పెరిగిందేంది యేసుబాబూ?"

యేసుబాబు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "అది అంతే అక్కా. వేడెక్కితే తగ్గినట్ల చూపిస్తాది. నీడన నిలబెడితే సల్లబడి మళ్ళీ పుంజుకుంటాది. కొత్త టెక్నాలజీ."

విజయమ్మకు నమ్మకం కుదరలేదు. కానీ అద్దంలో సుందరరాజు ముఖం కనిపించింది. ఆ ముఖంలో హల్లెలూయ ఎక్కడా లేదు. దాంతో నమ్మాలనిపించింది, నమ్మేసింది.

తర్లుపాడు చేరేసరికి యాభై తొమ్మిది. దీవెన నాటుకోడి కూర వండింది. రెండు గంటల తర్వాత బయటికొస్తే ఎనభై ఏడు. మార్కాపురంలో పాస్టరుగారింటికి చేరినప్పుడు డెబ్భై ఏడు, టీ తాగి పాస్టరమ్మ దగ్గర సెలవు తీసుకునేసరికి తొంభై. తిరుగు దారిలో జ్ఞానయ్య రోడ్డుకు అడ్డంగా నిలబడి మళ్ళీ ఆపాడు. యాభై అయిదుతో ఆగిన బండి అరవై తొమ్మిదితో కదిలింది. అప్పటికి యేసుబాబు సిద్ధాంతం బాగా ముదిరింది.

"చెట్టు నీడ కంటే గోడ నీడ మేలు అక్కా," అన్నాడు. ఆ మాటే ప్రతి మజిలీలోనూ రమణకు ఫోన్ చేసి చెప్పాడు.

గిద్దలూరు చేరేసరికి నూట యాభై నాలుగు కిలోమీటర్లు. బ్యాటరీ ఇంకా నలభై ఉంది. విజయమ్మ దుకాణంలోనే అందరి ముందూ లెక్క కట్టింది. "అరవై శాతానికి నూట యాభై నాలుగు. అంటే నూటికి రెండు వందల యాభై పైనే. నువ్వు చెప్పింది నిజమే రమణా, పెద్ద బ్యాటరీనే! రేపు పొద్దున వచ్చి తీసుకుపోతా."

రమణ ఆ లెక్కను తనూ ఒకసారి కట్టి చూసుకున్నాడు. అది చిన్న బ్యాటరీ అని నెల్లూరు డాక్టరు అతనికి స్పష్టంగా చెప్పి మరీ అమ్మాడు. తాను చెప్పిన అబద్ధం ఇలా నిజమై ఎదురుగా నిలబడటం రమణ వ్యాపార జీవితంలో ఇదే మొదలు. డాక్టరుకే తెలిసి ఉండదని రాత్రంతా ఆలోచించి తేల్చుకున్నాడు. ఇంత వజ్రంలాంటి కారును ఆ రేటుకు ఇచ్చేస్తున్నానే అని దిగులు పట్టుకుంది.

మర్నాడు విజయమ్మ, కొత్త కారుకు ప్రార్థన చేయడానికి చర్చి ఆడవాళ్ళు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. రమణ బయానా కవరు చేతిలో పెట్టుకుని గడప దగ్గరే ఎదురయ్యాడు.

"కారు అమ్మేది లేదు సిస్టరమ్మా. మా ఆడమనిషి మనసు పడింది."

"మొన్నటిదాకా మీ ఆడమనిషికి ఇది కనపళ్ళేదా?"

విజయమ్మ నేరుగా పోయి డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. అద్దం కాస్త దించి, "మాటంటే మాటే. నువ్వు మాట మీద నిలబడేదాకా నేను సీటు దిగను," అంది.

పది గంటలకల్లా జనం మూగారు. నీడన నిలబెడితే దానంతట అదే నిండే కారట అనే వార్త యేసుబాబు పుణ్యమా అని బజారంతా పాకింది. ఒకాయన అక్కడికక్కడే రమణకు ఎక్కువ రేటు చెప్పాడు. దాంతో రమణ ఇంకా బిగుసుకున్నాడు. చర్చి ఆడవాళ్ళు కారు పక్కన చాప పరిచి కీర్తన ఎత్తుకున్నారు. సుందరరాజు ఎవరి తరఫున నిలబడాలో తేల్చుకోలేక సోడా తాగాడు.

"పోలీసోళ్ళను పిలుస్తా," అన్నాడు రమణ.

"పిలువు. ఆ ఎస్సై ఇద్దరు బిడ్డలకూ టీకాలేసింది నేనే."

అప్పుడే ఆమె ఫోను మోగింది. జ్ఞానయ్య.

"అమ్మీ, నిన్న బండికి మేత సరిపోయిందా? సాయంత్రం గంటే పెట్టినా. నాకు మనసులో కొట్టుకుంటాంది."

"మేతేంది మామా?"

"కరెంటమ్మా! చుట్టం తిని, బండి పస్తుంటే ఎట్ల? దీవెనకూ పాస్టరమ్మకూ నేనే చెప్పి పెట్టించినా. నువ్వడిగినావని చెప్తాండా గానీ, చెప్పుకునే మాట కాదు."

విజయమ్మ అద్దం పైకెత్తింది. ఇంకో గంట పోరాడి గెలిచి ఉంటే ఈ డొక్కు ఆమెదయ్యేది, స్టీరింగు చేజారేది. సంచిలోంచి రిజిస్టరు తీసి, మజిలీ మజిలీకి మధ్య ఎంత తగ్గిందో ఆ అంకెలు మాత్రం కూడింది. ముప్పై, ఇరవై అయిదు, పది, ముప్పై అయిదు, ఇరవై తొమ్మిది. మొత్తం నూట ఇరవై తొమ్మిది. అంటే నిండా నింపితే ఈ బండి నూట ఇరవై కిలోమీటర్లు కూడా పోదు. చిన్న బ్యాటరీ. అదీ అలిసిపోయిన బ్యాటరీ. పసిబిడ్డ అన్నాడు!

నిజం చెప్పాలా అని ఒక్క క్షణం ఆలోచించింది. చెప్పబుద్ధి కాలేదు. అతను చెప్పిన మాటే తిరిగి అతనికి అప్పజెప్తే అది తన అబద్ధం ఎలా అవుతుంది? తలుపు తీసి, చీర సర్దుకుని దిగింది.

"నువ్వు చెప్పిందే నిజం రమణా. పెద్ద బ్యాటరీ, ఆరోగ్యం తొంభై అయిదు. ఇంత మంచి బండి నీ దగ్గరే ఉండాల. ఆ కవరు ఇట్ల తే."

రమణ రెండు చేతులతో ఇచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. చర్చి ఆడవాళ్ళు కీర్తన మధ్యలో ఆపి, ఏం జరిగిందో తెలియక చాప మడిచారు.

"ఓడిపోయినావా?" అన్నాడు సుందరరాజు దారిలో.

"మోసపోయినానా? లేదు కదా. పందెం పందెమే. ఇంక నోరు తెరవొద్దండి. సోమవారం ఒంగోలు పోయి, మిషను పెట్టి చూపిచ్చే చోటనే ఇంకో కారు చూస్తా."

సుందరరాజు వాదించడానికి నోరు తెరిచి, నియమం గుర్తొచ్చి మూసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం విజయమ్మ అన్నం వడ్డిస్తుండగా రమణ ఫోన్ చేశాడు. సుందరరాజు కూడా వింటాడని ఆమె స్పీకరు పెట్టింది.

"అక్కా, అత్తోళ్ళను ఎక్కించుకుని మహానంది పోయినా. తిరిగి వస్తాంటే అడవి మధ్యలో బండి నిలబడిపోయింది. రెండు గంటల నుంచి చెట్టు నీడనే పెట్టినా, ఒక్క అంకె పెరగల్యా. ఆ బండి నీకే ఇస్తా, నువ్వు చెప్పిన రేటుకే తీసుకో."

"ఒంగోలులో చూపించి కాగితం తెచ్చినాక మాట్లాడదాం."

"అది సరే అక్కా, ఇప్పుడెట్ల? నువ్వు మార్కాపురం పోయి ఎట్ల వచ్చినావో ఆ కిటుకన్నా చెప్పు!"

విజయమ్మ భర్త కంచంలో ఇంకో గరిటె పప్పు వేసి, తీరిగ్గా అడిగింది. "ఆ అడవిలో మీ చుట్టాలెవరూ లేరా రమణా?"