రెండించుల ఉన్నతి

రోడ్లు చెడిపోవు. బండ్లే పొట్టిగా పుడతాయి. ఈ పరమసత్యాన్ని నిర్ధారించడానికి రెండు కార్యాలయాలు, పదకొండు సంతకాలు, ఒక గొర్రె అవసరమయ్యాయి. (గొర్రె సంతకం చేయలేదు. ఫొటోలో మాత్రమే పాల్గొంది.)

సత్యం బయటపడిన చోటు రొద్దం వైపు ఉన్న బండమీదపల్లి. అక్కడి నుంచి సోమందేపల్లి దగ్గర హైవే ఎక్కడానికి తొమ్మిది కిలోమీటర్ల రోడ్డు ఉంది. ఉంది అనడానికి ఆధారం రికార్డులు. రికార్డుల్లో ఆ రోడ్డు రెండేళ్ల కిందటే పూర్తయింది, రంగు ఫొటోలు దిగింది, బోర్డు కూడా పెట్టించుకుంది. బోర్డు ఇప్పటికీ బాగానే ఉంది.

ఆ దారిన రోజూ బండి నడిపే మనిషి శైలజ. ముప్పై నాలుగేళ్లు ఉంటాయి. భర్త రమేష్ హిందూపురం దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి పోతాడు. బండి మాత్రం ఆమెది. నాలుగు చక్రాలూ లాగే పాత పికప్పు. ఊళ్లో మల్బరీ వేసినవాళ్లందరి పట్టుగూళ్లూ హిందూపురం మార్కెట్టుకు చేరేది అందులోనే. పట్టుగూటికి కార్యాలయాల అలవాట్లు తెలియవు, అది ఆగదు. నాలుగైదు రోజులు ఆలస్యమైతే లోపలి పురుగుకు రెక్కలొచ్చి గూడు చీల్చుకొని బయటికొస్తుంది. చిరిగిన గూటికి దారం రాదు.

జూలైలో ఒకరోజు బండి ఇంజను కింద ఉండే ఆయిలు తొట్టి గుంతలోని రాయికి కొట్టుకొని పగిలింది. కొత్తది రావడానికి అయిదు రోజులు పట్టింది. ఈలోగా ఊళ్లో సగం పంటకు రెక్కలొచ్చాయి. తెల్లటి పురుగులు బుట్టల్లోంచి పాకి గోడలెక్కుతుంటే, మల్బరీ రైతు యల్లక్క చీపురు పట్టుకొని నిలబడి, ఊడవాలో ఏడవాలో తేలక చివరికి రెండూ చేసింది. ఆ వారమే ఊరంతా వేలిముద్రలేసి, రోడ్డు బాగు చేయమని జిల్లాకు ఒక అర్జీ పంపింది.

దీనికితోడు రమేష్ చెల్లెలు దీపిక కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. ఏడో నెల. హిందూపురంలో చూసిన డాక్టరమ్మ "కుదుపులు తగలకుండా చూసుకోండి" అని చెప్పింది. (ఆమె ఊరి పేరు అడగలేదు. అడిగి ఉంటే ఆ సలహా ఇచ్చేది కాదు.)

రోడ్డును ఎత్తడం మన చేతిలో లేదు, బండిని ఎత్తడం ఉంది అని శైలజ తీర్మానించుకుంది. మరుసటి రోజే హిందూపురంలో సుంకప్ప షెడ్డుకు పోయింది. సుంకప్ప ముప్పై ఏళ్లుగా బండ్ల కింద పడుకొని బతికినవాడు. లోకాన్ని అడుగు నుంచి చూసినవాడు కాబట్టి అతనికి భ్రమలు తక్కువ.

"ఎంత లేపల్లమ్మా?" అన్నాడు.

"గుంత ఎంత లోతుంటే అంత లేపన్నా."

"ఎంతుండాది?"

"పద్నాలుగించులు. కట్టెపుల్ల దించి కొలిచినా."

"అంత లేపితే నువ్వు నిచ్చెనేసుకొని ఎక్కల్ల. మలుపులో బండి పక్కకు పడుకుంటాది, గూళ్ల బుట్టలు నీకంటే ముందే మార్కెట్టుకు దొర్లుకుంటా పోతాయి."

"మరి ఊరికే పెద్ద టైర్లేస్తే సరిపోదా?"

"తిప్పినప్పుడల్లా మడ్‌గార్డును రాసుకుంటాది. పోనీ టైర్లు వదిలేసి వట్టి బాడీ లేపినామనుకో, పైన బాడీ లేస్తాది గానీ కింద ఇరుసు ఆడనే ఉంటాది. రాయి తగిలేది దానికే కదమ్మా. ఇరుసు లేయల్లంటే టైరు పెద్దది కావల్ల, టైరు పెద్దది కావల్లంటే బాడీ లేయల్ల. మొగుడూ పెండ్లాం మాదిరి, ఒకరిని పిలిస్తే ఇద్దరూ వస్తారు."

గంటసేపు ఆలోచించారు. గడ్డలు గడ్డలుగా ఉండే బురద టైర్లు చూశారు. అవి గుంతలో మహారాజులు గానీ, హైవే మీద తేనెటీగల తుట్టె మాదిరి మోత పెడతాయి, డీజిలు తాగుతాయి. చివరికి బురదకూ తారుకూ మధ్యరకం టైర్లు, ఒక సైజు పెద్దవి, స్ప్రింగు పట్టీల కింద రెండించుల దిమ్మెలు, పొడుగాటి కొత్త షాకబ్సర్లు ఖాయమయ్యాయి. గుంత లోతు పద్నాలుగు, లేపుదల రెండు, మిగిలింది డ్రైవరు నేర్పు.

"అయితే నేను ఊరికే చేయనమ్మా," అన్నాడు సుంకప్ప. "బండి పుస్తకంలో ఎత్తు రాసుంటాది. పెనుకొండకు పోయి కాయితం తెచ్చుకో. లేకుంటే పట్టుకున్నోడు ముందు నిన్నడుగుతాడు, తర్వాత నన్నడుగుతాడు. నాకు దుడ్లూ పోతాయి, షెడ్డూ పోతాది."

పెనుకొండలోని వాహన ఆకార సంరక్షణ కార్యాలయంలో సూపరింటెండెంటు ఇమ్మానుయేలు. కోపం ఎరుగని మనిషి. ఎవరినైనా నవ్వుతూనే వెనక్కి పంపుతాడని పేరు. శైలజ చేతికి 'ఉన్నతి దరఖాస్తు' ఇచ్చాడు. తొమ్మిదో గడి: ఎత్తు కోరుటకు కారణము. శైలజ 'గుంతలు' అని రాసింది.

ఇమ్మానుయేలు బాధగా తల ఊపాడు. "గుంతలు అని రాయకూడదమ్మా. గుంత మా శాఖది కాదు. మేము నేల నుంచి పైకే చూస్తాము. కింద ఏముండేదీ ధర్మవరంవాళ్లు చెప్పల్ల."

"సార్, నేను వచ్చింది కూడా ఆ గుంతల్లోనే. నా చీర చూడండి, ఇంకా బురద ఆరలా."

"బురద కనపడతాంది తల్లీ. దాని మీద సంతకం లేదు."

లోతు ధ్రువపత్రం కోసం శైలజ ధర్మవరం పోయింది. అక్కడి గ్రామీణ మార్గ సౌఖ్య విభాగంలో ఇంజనీరు వేణుగోపాల్ కంప్యూటరులో రోడ్డును తీసి చూపించాడు. తెర మీద రోడ్డు నున్నగా, నల్లగా, మెలిక లేకుండా ఉంది. అంత మంచి రోడ్డు తమ ఊరికి ఉందని తెలిసి శైలజ కొంచెంసేపు సంతోషించింది కూడా.

"ఇది సమతలం," అన్నాడు వేణుగోపాల్. "సమతలంలో లోతు రాసిస్తే ముందు సమతలమని రాసిన సంతకం తప్పవుతుంది. ఆ సంతకం నాదే."

శైలజ ఫోనులో ఫొటో చూపించింది. ఊళ్లో ఈరప్ప గొర్రె ఒకటి గుంతలో పొట్టదాకా దిగి, పైకి చూస్తూ ఉంది.

ఇంజనీరు ఫొటోను పెద్దది చేసి చూశాడు. "గొర్రె కనపడతాంది. రోడ్డు కనపడలేదే?"

"రోడ్డు కనపడకపోవడమే సార్ నా అర్జీ!"

అక్కడ ఏడ్చినా లాభం లేదని శైలజకు తెలుసు. అందుకని ఏడవలేదు, లేవనూ లేదు. దీపిక నెలలు చెప్పింది. డాక్టరమ్మ మాట చెప్పింది. "ఆడబిడ్డకు ఏమన్నా అయితే మా అత్తకు నేను మొగం చూపించల్ల సార్. మీ సంతకం చూపిస్తే సరిపోదు" అంది. వేణుగోపాల్ చెడ్డవాడు కాదు. అతని ఇంట్లో కూడా కాన్పులు జరిగాయి. చాలాసేపు కలం కొరికి, వృత్తి జీవితంలోకెల్లా గొప్ప వాక్యం రాశాడు:

'సదరు మార్గమున గుంతలు లేవు. అయితే నూట పన్నెండు చోట్ల రోడ్డు, దాని మధ్యభాగము కంటే పద్నాలుగు అంగుళములు ఎత్తుగా ఉన్నది.'

గుంతకు అటూ ఇటూ ఉన్న అంచులను ఆయన ఎత్తులుగా గుర్తించాడు. (ఒక రోడ్డు ఈ విధంగా తన ప్రమేయం లేకుండానే ఉన్నతి పొందడం బహుశా ఆ విభాగంలో ఇదే మొదలు.) ఆ కాగితం చూసి పెనుకొండలో ఇమ్మానుయేలు మొహం వెలిగింది. "ఎత్తంటే మా శాఖదే!" అని ఆరోజే అనుమతి ఇచ్చాడు. కింద చిన్న అక్షరాలతో ఒక షరతు: ధ్రువీకరింపబడిన ఎత్తులు మార్గమున ఉన్నంత కాలము మాత్రమే.

సుంకప్ప రెండు రోజుల్లో పని ముగించాడు. బండి గర్వంగా నిలబడింది. బరువు తగ్గిన మనిషి మాదిరి కాస్త ముందుకు వంగి, ఇప్పుడే ఎక్కడికో పోయేటట్టు. సుంకప్ప చెయ్యి తుడుచుకొని "మెల్లగా పో తల్లీ. ఎత్తు పెరిగినోళ్లు తొందరగా పడతారు" అన్నాడు.

తొమ్మిదో నెలలో ఒక మధ్యాహ్నం, రెండు రోజుల వాన తెరిపిచ్చిన గంటకు, దీపికకు నొప్పులు వచ్చాయి. అంబులెన్సుకు ఫోను చేస్తే హైవే దాకా వస్తామన్నారు. హైవే మీదికైతే ఎవరైనా వస్తారు. శైలజ బండి తీసింది. దీపిక ముందు సీట్లో, అత్త కుళ్ళాయమ్మ ఆమెను పొదివి పట్టుకొని పక్కన. గుంతలన్నీ నీళ్లతో నిండి ఏది ఎంత లోతో తెలియకుండా ఉన్నాయి. శైలజకు మాత్రం ఒక్కొక్కటీ పేరుతో తెలుసు.

"వదినా, నాకు భయంగా ఉండాది," అంది దీపిక పళ్లు బిగించి.

"నాకూ ఉండాది. నువ్వు రోడ్డు చూడాకు, నా మొగం చూడు."

"నీ మొగం రోడ్డుకంటే భయంగా ఉండాదే," అంది దీపిక. అంత నొప్పిలోనూ ఇద్దరికీ నవ్వొచ్చింది. కుళ్ళాయమ్మ తిట్టింది. "నవ్వితే ఈడనే కంటావే పాపా, నోరు మూసుకో."

బండి నీళ్లలోకి దిగింది, లేచింది, దిగింది, లేచింది. ఎక్కడా అడుగు తగల్లేదు. హైవే ఎక్కాక అంబులెన్సు కోసం ఆగకుండా శైలజ ముందుకే పోయింది. గంటన్నరలో హిందూపురం ఆసుపత్రి ముందు ఆగినప్పుడు శైలజ స్టీరింగు మీది చేతులు తీయబోతే వేళ్లు రాలేదు. ఆడపిల్ల పుట్టింది, మూడు కిలోల బరువు. కుళ్ళాయమ్మ బయటికొచ్చింది. కొంగుతో బండి ముందు అద్దానికి పట్టిన బురద తుడిచింది.

కథ ఇక్కడ ఆగితే సుఖాంతం. కానీ వ్యవస్థ ఎవరినీ మధ్యలో వదిలిపెట్టదు.

జూలైలో పంపిన అర్జీకి నవంబరులో ఫలితం వచ్చింది. రోడ్డు మరమ్మతుకు పని మంజూరు కాబోతోందని, ముందుగా జిల్లా ప్రయాణ సౌఖ్య పరిశీలకులు స్వయంగా ప్రయాణించి చూస్తారని ఉత్తరం. ఊరు పండగ చేసుకుంది. యల్లక్క ఆయన కోసమని కోడిని కూడా ఎన్నుకుంది.

పరిశీలకుడి కారు హైవే దిగి మొదటి గుంతలోనే కడుపు ఆనించి కూర్చుండిపోయింది. ఆయన ఫోను చేశాడు. ఊళ్లో ఆ దారిన రాగల బండి ఒక్కటే. శైలజ సంబరంగా పోయి ఎక్కించుకుంది. కారు ఎట్లా ఆగిందో కళ్లారా చూసిన మనిషి, ఇంక చెప్పేదేముంది అనుకుంది.

పరిశీలకుడు సీటు సర్దుకొని ఫోను తీశాడు. అందులో కుదుపులను కొలిచే యాప్ ఉంది. రెండో చేత్తో ఫ్లాస్కు మూతలో టీ పోసుకున్నాడు.

మొదటి కిలోమీటరు అయ్యేసరికి శైలజ ఓరకంట ఫ్లాస్కు మూత వంక చూసింది. టీ తొణకలేదు.

అక్కడి నుంచి ఆమె గుంతలను తప్పించడం మానేసి వెతకడం మొదలుపెట్టింది. ఎడమ పక్కది వదిలి కుడి పక్క లోతైనదానిలో దించింది. ఆయిలు తొట్టిని మింగిన గుంతలో రెండుసార్లు దించింది. సుంకప్ప పనితనం ఎంత గొప్పదో ఆరోజే ఆమెకు పూర్తిగా తెలిసింది. కొత్త షాకబ్సర్లు ప్రతి గుంతనూ తల్లి బిడ్డను పడుకోబెట్టినట్టు మెల్లగా దించి లేపాయి.

"సార్, ఒక్కసారి దిగి చూడండి సార్. కాలు పెడితే మోకాటిదాకా పోతాది."

"నాది ప్రయాణ సౌఖ్యం అమ్మా. నడక వేరే విభాగం," అన్నాడాయన, టీ ముగిస్తూ. "బాగా నడుపుతాండావు. నిద్రొస్తాంది."

"మీ కారు యాడ ఆగిపోయిందో చూసినారు కదా సార్?"

"అది డ్రైవరు తప్పు. మెమో ఇస్తా."

ఊళ్లో కోడికూర తిని, తిరుగు ప్రయాణంలో ఆయన నిజంగానే నిద్రపోయాడు. యాప్ మెలకువగానే ఉంది.

నివేదిక పది రోజుల్లో వచ్చింది. (వేగాన్ని మెచ్చుకోవాలి.) రానూపోనూ పద్దెనిమిది కిలోమీటర్లలో గుర్తించదగిన కుదుపులు లేవు. మార్గము సుఖప్రదము. మరమ్మతు పని రద్దు. ఒక నకలు ధర్మవరానికి పోయింది. అక్కడ వేణుగోపాల్ తన పాత సంతకమే నిజమైనందుకు ఆనందపడి, ఎత్తుల ధ్రువపత్రాన్ని వెనక్కి తీసుకున్నాడు. దాని నకలు పెనుకొండకు పోయింది. అక్కడి నుంచి శైలజకు రిజిస్టరు పోస్టులో ఉత్తరం వచ్చింది. పోస్టుమన్ దాన్ని హైవే పక్క టీ కొట్టులో ఇచ్చిపోతే, గూళ్లు దించి వస్తూ ఆమే తెచ్చుకుంది.

శైలజ గుమ్మంలో కూర్చొని విప్పింది. దీపిక బిడ్డకు పాలిస్తూ చూస్తోంది. "ఏమని రాసినారే?" అంది కుళ్ళాయమ్మ.

"రోడ్డు బాగుండాదంట. బాగుండే రోడ్డు మీద ఎత్తు బండి ఉండకూడదంట. ఏడు రోజుల్లో దిమ్మెలు తీసి, చిన్న టైర్లేసి చూపించల్లంట."

"చూపించకుంటే?"

శైలజ కాగితం తిప్పి చివరి పేరా చదివింది. గొంతులో కోపం లేదు, దస్తూరి కష్టంగా ఉన్నందున కొంచెం నిదానంగా చదివింది:

'గడువు దాటినచో వాహనము జప్తు చేయుటకు మా సిబ్బంది తమ గ్రామమునకు రాగలరు. సదరు మార్గమున కార్యాలయ వాహనములు నడవవు గనుక, సిబ్బందిని హైవే నుండి తమ వాహనములోనే తీసుకొని పోవలెనని కోరడమైనది.'