బర్నౌట్ పట్టా పుచ్చుకున్నవాడి మనవి

పాఠక మహాశయులారా, మీకు బర్నౌట్, అదే పని భారంతో మనిషి లోలోపల కాలిపోయే జబ్బు, వచ్చిందా? రాలేదంటే మీరింకా సరిగ్గా పనిచేయడం మొదలుపెట్టలేదన్నమాట. నాకు వచ్చింది. డాక్టరుగారు కాగితం మీద రాసి, ముద్ర వేసి మరీ ఇచ్చారు. మాంటెవిడియోలో సాఫ్ట్‌వేర్ మీద బతికే మావాళ్లలో ఇంతకన్నా పెద్ద గౌరవం లేదు.

ఎలా సంపాదించానో చెబుతాను. మార్చి నెలలో ఒక మంగళవారం సాయంత్రం ఇంటికొచ్చి, మా తలుపుకి ఆఫీసు కార్డు ఆనించాను. తెరుచుకోలేదు. మళ్లీ ఆనించాను. పది నిమిషాలు ఓపిగ్గా ప్రయత్నించాక, నా అనుమతులు ఎవరో తీసేశారని తలుపుకే ఫిర్యాదు చేశాను. కిటికీలోంచి చూస్తున్న నా భార్య లూర్దెస్ మొదట నవ్విందట. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయిందట. మర్నాడు పొద్దున్నే నన్ను డాక్టర్ ఎచెవెరీ దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరుగారు అడిగినవన్నీ తేలిక ప్రశ్నలే. నిన్న ఏం తిన్నారు, ఎన్ని గంటలు నిద్రపోయారు, మీ అమ్మాయి ఏ క్లాసు? మొదటి రెండూ ఎలాగో గట్టెక్కాను. మూడోదానికి లూర్దెస్ వైపు చూశాను. ఆవిడ సాయం చెయ్యలేదు. డాక్టరుగారు పెన్ను తీసి మూడు వారాల సెలవు రాశారు.

ఆఫీసులో నాకు దక్కిన మర్యాద చూడాల్సింది. మా మేనేజరు వాల్దెమార్ భుజం తట్టి, పదిహేనేళ్లుగా కష్టపడుతున్నా తనకింతవరకు రాలేదని కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. ఉద్యోగుల బాగోగులు చూసే అమ్మాయి నా ఫోన్లో విశ్రాంతిని కొలిచే యాప్ ఒకటి వేయించింది. ఎంత విశ్రాంతి తీసుకుంటే అన్ని మార్కులు.

మార్కులంటే నేను ఊరుకుంటానా? అయిదున్నరకే అలారం పెట్టుకుని లేచి విశ్రాంతి మొదలుపెట్టేవాణ్ణి. చంకలో వేణ్ణీళ్ల ఫ్లాస్కు, చేతిలో మాతే అనే ఆకు టీ తాగే బుర్ర పట్టుకుని, నీటి ఒడ్డున రాంబ్లా గట్టు వెంట గబగబా నడిచేవాణ్ణి. గట్టు మీద కూర్చుని, ఏమీ ఆలోచించకుండా ఉండే పనిని గంటకి రెండు విడతల చొప్పున పూర్తిచేసేవాణ్ణి. రెండో వారానికల్లా కంపెనీ మొత్తం మీద విశ్రాంతిలో నేనే ఫస్టు. రెండో స్థానంలో ఉన్నతను ఆస్పత్రిలో చేరి మార్కులు సంపాదిస్తున్నాడని, అది అన్యాయమని అభ్యంతరం కూడా రాసి పంపాను.

ఇంత అలసట నాకెక్కడిది? ఆదివారం నివేదిక నుంచి. మాది దూరప్రయాణాల బస్సు టిక్కెట్లు అమ్మే కంపెనీ. ఆ వారం మా సిస్టం ఎక్కడ మొరాయించిందో, ఎందుకు మొరాయించిందో నలభై పేజీల్లో రాసి, సోమవారం ఉదయానికల్లా ఆరుగురు పెద్దలకి పంపడం నా బాధ్యత. మూడేళ్లపాటు ఒక్క వారం తప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం మా బావమరిది ఎలియో పెరట్లో నిప్పు రాజేసి అందరికీ మాంసం కాలుస్తాడు. లూర్దెస్, మా అమ్మాయి హిమెనా వెళ్లేవారు. నేను వెనకాలే వస్తానని చెప్పి, నివేదిక దగ్గర కూర్చునేవాణ్ణి.

సెలవులో మూడు ఆదివారాలు నివేదిక వెళ్లలేదు. ఈపాటికి కంపెనీ కుప్పకూలి ఉంటుందని బెంగపడుతూ, క్షమాపణలు సిద్ధం చేసుకుని మళ్లీ ఆఫీసుకెళ్లాను. ఎవరూ ఏమీ అనలేదు. మధ్యాహ్నం దాకా ఆగి, నేనే వాల్దెమార్ దగ్గర నివేదిక మాట కదిపాను.

"ఆ మెయిలా?" అన్నాడతను. "అది రాగానే చెత్తబుట్టలోకి పోయేలా పెట్టి రెండేళ్లయింది, హెబెర్. మిగతా అయిదుగురిదీ అదే సంగతి."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు ఇష్టపడి చేస్తున్నావనుకున్నాం. మధ్యలో ఆపి నిన్ను బాధపెట్టడం దేనికని."

నా అనుభవం వృథా కాకూడదని అక్కడికక్కడే నాకు కొత్త బాధ్యత కూడా ఇచ్చాడు. ఉద్యోగుల్లో ఎవరెవరు ఎంత అలసిపోయారో వారానికొక నివేదిక రాయాలట. సోమవారం ఉదయానికి అందాలట.

బర్నౌట్ ఎంత గొప్ప వరమో ఇప్పుడు తెలిసిందా? పనిచేసి చేసి కాలిపోయాడంటే నలుగురూ అయ్యో అంటారు. రెండేళ్ల ఆదివారాల్ని చెత్తబుట్టలో పోశాడంటే ఏమంటారు? అందుకే డాక్టరుగారి కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచుకున్నాను. లూర్దెస్‌కి రెండు రోజులు ఏమీ చెప్పలేదు. మూడోరోజు, ఆవిడ ప్లేట్లు కడుగుతుండగా చెప్పేశాను.

ఆవిడ కుళాయి కట్టేసింది. "ఇన్నాళ్లలో ఒక్కసారైనా, ఎవరైనా చదువుతున్నారా అని అడగాలనిపించలేదా నీకు?"

నిజం చెప్పాలంటే అనిపించింది. చాలాసార్లే అనిపించింది. కానీ చదవట్లేదని చెబితే మానెయ్యాల్సి వస్తుంది. మానేస్తే, నేను లేకపోతే ఇక్కడేదీ నడవదని ఆదివారం పూట ఎవరికి చెప్పుకోను? ఎలియో నిప్పు నేను లేకుండానే చక్కగా రాజుకుంటుంది. ఇదంతా మీకే చెబుతున్నాను. తువ్వాలు తీసుకుని ప్లేట్లు తుడిచాను.

శుక్రవారం వాల్దెమార్ దగ్గరికెళ్లి, కొత్త నివేదిక నావల్ల కాదన్నాను. వీరుడిలా అనలేదు, తలుపు దగ్గరే నిలబడి అన్నాను. కారణం అడిగాడు. ఆదివారం మా బావమరిది ఇంట్లో భోజనం ఉందన్నాను. అతను 'ఆరోగ్య కారణాలు' అని రాసుకున్నాడు.

ఆ ఆదివారం ఎలియో ఇంటికి వెళ్లాను. పొయ్యి దగ్గర నిలబడి బొగ్గులు ఎగదోస్తున్నవాడు నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏంటి బావా, ఆఫీసు మూసేశారా?"

నవ్వేసి బల్ల వైపు నడిచాను. పెరట్లో బల్ల మీద అప్పటికే ప్లేట్లు పెట్టేశారు. నాకు ప్లేటు లేదు. అందులో కోపమేమీ లేదు, అది వాళ్లకి అలవాటైపోయింది. ఆఫీసులో నేను లేనని ఎవరూ గమనించలేదు, ఇక్కడ నేను వస్తానని ఎవరూ అనుకోలేదు. ఉద్యోగానికీ జీవితానికీ మధ్య సమతూకం కావాలని అందరూ కలవరిస్తుంటారు కదా. నేను సాధించాను. రెండు వైపులా సరిసమానంగా లేకుండా పోయాను.

ఎలియో భార్య ప్లేటు కోసం లోపలికి వెళ్లింది. హిమెనా బెంచీ మీద కొంచెం పక్కకి జరిగింది. చోటు పూర్తిగా చాల్లేదు, సగం బెంచీ బయటికే కూర్చున్నాను. అయినా సాయంత్రం దాకా లేవలేదు.