చైర్మన్‌కు కరిచే స్వభావం లేదు

“ఈ జిల్లాల లోకం తప్పుగ అర్థం చేసుకున్న ఏ ఒక్క జాతిని గూడ మేం వదిలిపెట్టం! ప్రాణం పోయినా అండగ నిలబడ్తం!” అని సురేందర్ సారు బోధన్‌ల పత్రికలోళ్ల ముంగట ప్రకటించిండు. ఆ మాట మీద బల్ల గుద్దిండు. చాయ్ ఒలికి ప్యాంటు మీద పడ్డది. సారు కదలలేదు. అంత పట్టుదల గల్ల మనిషి.

పద్దెనిమిది ఏండ్లు పార్టీ జెండా మోసిండు. మార్కెట్ కమిటీ పదవి వస్తదనుకున్నడు, రాలేదు. లైబ్రరీ అన్న ఇస్తరనుకున్నడు, ఇయ్యలేదు. ఆఖరికి హైదరాబాద్ నుంచి కాయితం దిగింది. జిల్లా జంతు స్నేహ కమిటీ చైర్మన్. రాట్‌వీలర్, పిట్‌బుల్ అసొంటి కుక్కలను చూసి జనం ఊర్కెనే భయపడ్తున్నరు, ఆ భయం పోగొట్టాలె, సాదుకునేటోళ్లకు శిక్షణ ఇయ్యాలె, పరీక్ష పెట్టి మంచి నడవడి సర్టిఫికెట్లు పంచాలె. గదీ పని. సారు చైర్మన్ అన్న మాట దాంక చదివి కాయితం మడిచిండు. మిగిలింది పీఏ చదువుకున్నడు.

ఆ పీఏ భానుప్రసాద్ ఫ్లెక్సీ నమూనా తెచ్చిండు. ‘అపార్థానికి గురైన కుక్క జాతులకు అండగా సురేందర్ అన్న.’

“నా ఫోటో ఎక్కడ ఏస్తున్నరు?” అన్నడు సారు.

“కుక్క అన్న మాట పక్కపొంటి సార్.”

“తియ్యి.”

“ఫోటోనా సార్?”

“భానూ!”

మాట తీసేసిండ్రు. తీసుడు తీసుడే ఫ్లెక్సీల నుంచి, కరపత్రాల నుంచి, ఫారాల నుంచి, సర్టిఫికెట్ల నుంచి గూడ కుక్క వెళ్లిపోయింది. జాతి మిగిలింది.

ఆ కరపత్రం ఒకటి కోటగిరి పక్క ఊర్లె భీమన్న చేతుల పడ్డది.

భీమన్న మూడెకరాల పసుపు, ఎకరం వరి చేసేటోడు. మాట తక్కువ. పెండ్లాం పోయినంక ఇంకింత తక్కువైంది. ఇంట్ల తోడు ఒక కుక్క. రైస్‌మిల్లు సేటు కాపలాకని తెచ్చుకున్న రాట్‌వీలర్ అది. దొంగ వస్తే దొంగ చేతులు నాకిందని సేటు కోపానికొచ్చి భీమన్నకు ఇచ్చేసిండు. నల్లగ బర్రె దూడంత ఉంటది. అదీ ఎక్కువ మొరగది. ఇద్దరికి మంచిగ కుదిరింది. వాకిట్ల ప్లాస్టిక్ కుర్చీ ఎక్కిందంటే ఎవరొచ్చినా దిగది గనుక ఊరోళ్లు దానికి చైర్మన్ అని పేరు పెట్టిండ్రు. ఇది సారుకు పదవి రాకముందు సంగతి.

దాని మొకం చూసి భయపడెటోళ్లు పంచాయతీల దరఖాస్తు పెట్టిండ్రు. కార్యదర్శి రాజారాం నోటీసు తెచ్చిండు.

“భీమన్నా, పదిహేను రోజులు. మంచి నడవడి సర్టిఫికెట్ తెస్తివా, ఉంచుకో. లేకుంటే బండొచ్చి తీస్కపోతది.”

“ఎక్కడికి?”

“గది నాకు తెల్వది. తీస్కపోతది.”

భీమన్న నోటీసు మడిచి జేబుల పెట్టుకున్నడు. కుక్క రాజారాం చెప్పు నాకింది.

శిబిరం బోధన్‌ల ఒక ఫంక్షన్ హాల్ల పెట్టిండ్రు. సారు మీటింగులకు ఎన్నడు రానంత జనం వచ్చిండ్రు. ఆరు వందల మంది మనుషులు, ఒక్క కుక్క. అందరి చేతులల్ల ఆధార్ జిరాక్సులు.

గేటు కాడ కార్యకర్త పేర్లు రాసుకుంటుండు.

“ఏ జాతి అన్నా?”

“రాట్‌వీలర్,” అన్నడు భీమన్న.

“అది ఏ లిస్టుల ఉన్నది?”

“డేంజర్ లిస్టుల.”

వెనుకున్నాయన ముందుకు ఒంగి, “మాది ఆటోడ్రైవర్ల జాతి అన్నా. పోలీసోళ్లు మమ్ముల ఏనాడన్న సక్కగ అర్థం చేసుకున్నరా?” అన్నడు.

“మీరు నయం,” అన్నడు ఇంకొకాయన. “మాది ఇల్లరికం అల్లుండ్ల జాతి.”

రెంజల్ నుంచి వచ్చిన లింగవ్వ గూడ ఉన్నది. ఆమెకు జాతి గీతి అక్కర్లేదు. గల్లీల బోరింగ్ ఖరాబై ఆరునెలలైంది. ఆ అర్జీ పట్టుకొని సారు ఎక్కడికి పోతె అక్కడికి వస్తది. ఇది నాలుగోమారు. సారు ఆమెను చూడంగనే రెండు చేతులెత్తి దండం పెట్టిండు. పెద్దలంటే సారుకు అంత మర్యాద. దండం పెట్టే చేతులల్ల కాయితం పట్టది.

“కొడుకా, జెర చేతులు దించు,” అన్నది లింగవ్వ. సారు దించలేదు.

పశువుల డాక్టరమ్మ హర్షిణి మైకు అందుకున్నది. “ఈ జాతి గురించి జనానికి చాలా అపోహలున్నయి. చూపుకు కోపంగ ఉంటరు గాని మనసు మంచిది. గొలుసేసి కట్టేస్తేనే మొండితనం వస్తది. ప్రేమగ చెప్తే ఎంతన్న చేస్తరు. కడుపునిండ తిండి, రోజుకింత నడక, నెత్తి మీద ఒక చెయ్యి. గంతే అడిగేది.”

హాలు హాలంత చప్పట్లు. ఇల్లరికం అల్లుడు కండ్లు తుడుచుకున్నడు. “ఇన్నొద్దులకు ఒక్కరన్న చెప్పిండ్రు,” అన్నడు.

సారుకు హుషారు వచ్చింది. మైకు గుంజుకొని, “నేను గూడ మీ జాతోన్నే!” అన్నడు. ఈలలు పడ్డయి. డాక్టరమ్మ ఏదో చెప్పబోయి నీళ్లు తాగింది.

తర్వాత పరీక్ష. సారు స్టేజీ మీద ముందుకొచ్చి కెమెరాల కోసం నిలబడ్డడు. కింద కుక్క నిలబడ్డది.

“సిట్!” అన్నది డాక్టరమ్మ. కుక్క ఆమె దిక్కు మర్యాదగ చూసింది.

“దానికి ఇంగ్లీషు రాదమ్మా,” అని భీమన్న గొంతు పెంచిండు. “చైర్మన్! కూసో!”

కింద కుక్క కూసున్నది. పైన సారు గూడ కూసున్నడు. రెండు ఒక్క తీరుగనే అయినయి. మల్ల సారు, నడుము పట్టినట్టు మొకం పెట్టి లేచిండు. కుక్క లేవలేదు, దానికి ఎవరు చెప్పలేదు.

రెండో పరీక్షకు డాక్టరమ్మ కోడికూర పల్లెం ముంగట పెట్టింది. కుక్క భీమన్న మొకం చూసుకుంట కూసున్నది, ముట్టలేదు. ఆ పల్లెం ఎనుకకు పోయేటప్పుడు సారు ఒక ముక్క అందుకున్నడు. మూడోది, కొత్తోళ్లు వచ్చి చెయ్యి ఇస్తే ఊకోవాలె. ఆటోడ్రైవర్ చెయ్యిచ్చిండు, కుక్క కాలిచ్చింది. నాలుగోది, చేతితోని కాయితం ఇస్తే పంటిగాటు పడకుంట అందుకొని పక్కన పెట్టాలె. కరపత్రం ఇచ్చిండ్రు. ముసలితల్లి పసిపిల్లను ఎత్తుకున్నట్టు నోట పట్టుకొని తెచ్చి భీమన్న కాళ్ల కాడ పెట్టింది.

డాక్టరమ్మ సంబురపడి సర్టిఫికెట్ రాయబోయింది. భానుప్రసాద్ ఉరుక్కుంట వచ్చి, “మేడం, జాతి రాయకుండ్రి. ఇంత మందిల ఒకరిది రాస్తె ఇంకొకరిది రాయలేదని లొల్లయితది. ఆ గడి ఖాళీగ పెట్టుండ్రి,” అన్నడు.

ఖాళీగ పెట్టింది. కాయితం గిట్ల తయారైంది:

‘పేరు: చైర్మన్. పరీక్షించితిమి. కూర్చోమన్న కూర్చొనును. పరులు పెట్టినది తినే అలవాటు లేదు. కాగితమును భద్రముగా అందుకొనును. కరిచే స్వభావము లేదు. జనం మధ్య ఉండుటకు యోగ్యత కలదు.’

భీమన్న దాన్ని అంగీ లోపటి జేబుల పెట్టుకొని ఊరికొచ్చిండు. రాజారాం చేతుల పెట్టిండు. రాజారాం చదివిండు. మల్ల చదివిండు. లేచి నిలబడ్డడు.

“ఇది నీ దగ్గరికెట్ల వచ్చింది?”

“ఇచ్చిండ్రు. మా చైర్మన్‌ది.”

“మీ చైర్మన్ ఏంది? జిల్లా అందరి చైర్మన్! ఈ కాయితంల కుక్క అని ఎక్కడున్నది? చూపెట్టు.”

భీమన్న చూసిండు. ఎక్కడ లేదు.

రాజారాం బాధ్యత తెలిసినోడు. కాయితానికి ప్లాస్టిక్ కవరేసి, నిజామాబాద్‌ల సారు ఆఫీసుకు సొంతంగ పోయి అప్పజెప్పి వచ్చిండు. “నీకు ఇంక మూడు రోజులే,” అని భీమన్నకు చెప్పిండు.

మూడో రోజు భీమన్న కుక్కను తోలుకొని ఆఫీసుకు పోయిండు. కాయితం అప్పటికే ఫ్రేములకు ఎక్కింది. పూలదండ గూడ పడ్డది. హైదరాబాద్ పెద్దమనిషి ఒకాయన దాన్ని చూసి, ‘పరులు పెట్టినది తినే అలవాటు లేదని రాతపూర్వకంగ ఉన్న నాయకుడు మన పార్టీల ఈయనొక్కడే’ అని మెచ్చుకున్నడట. పేపర్ల వచ్చింది.

“అది మా కుక్కది,” అన్నడు భీమన్న.

“మెల్లగ మాట్లాడు భీమన్నా,” అన్నడు భానుప్రసాద్. “కరిచే స్వభావం లేదు అన్నది సార్‌ది కాదంటవా? అంటే సార్ కరుస్తడన్నట్టా?”

“నేను గట్లనలే.”

“మరి పరులది తింటడన్నట్టా?”

భీమన్న జవాబు చెప్పలేదు. అబద్ధం ఆడే అలవాటు లేదు.

అప్పుడే సారు బయటికొచ్చిండు. కుక్కను చూసిండు. ఫ్రేమును చూసిండు. “నీకు ఏం కావాలె?” అన్నడు.

“ఇది నా ఇంట్ల ఉండాలె. గంతే.”

సారు మనసున్న మనిషి. లెటర్‌హెడ్ తెప్పించి, ‘కోటగిరి మండలంల భీమన్న ఇంట్ల ఉన్న చైర్మన్ మావాడే. ఎవరూ కదిలించరాదు’ అని రాసి సంతకం పెట్టిండు. రాజారాం ఆ చిట్టి చదివి, కుర్చీల కూసున్న కుక్కకు అలవాటు మీద నమస్తే పెట్టిండు. నోటీసు చింపేసిండు.

ఏడాది గడిచింది. హైదరాబాద్ నుంచి కొత్త కాయితం వచ్చింది. సర్టిఫికెట్ గడువు తీరింది, అండ్ల పేరున్న చైర్మన్ స్వయంగ హాజరై నాలుగు పరీక్షలు మల్ల ఇయ్యాలె, లేకుంటే రద్దు.

“ఆ తిండి పరీక్ష గూడ ఉన్నదా?” అన్నడు సారు.

“ఉన్నది సార్.”

సారు కారు తాళంచెవి భానుప్రసాద్ దిక్కు జరిపిండు.

భానుప్రసాద్ కోటగిరి పక్క ఊరికి సారు కారు, డ్రైవర్‌ను ఏసుకొని వచ్చిండు. భీమన్న రానన్నడు.

“ఫ్రేము గోడ దిగిందా, నీ చిట్టి గూడ దిగుతది. మల్ల బండొస్తది,” అన్నడు భానుప్రసాద్. “మాకు నీ కుక్క గావాలె, నీకు మా ఫ్రేము గావాలె. ఎక్కు.”

ఎక్కిండ్రు. భీమన్న ముంగట డ్రైవర్ పక్కన. కుక్క ఎనుక సీట్ల, సారు కూసునే దిక్కు, నిటారుగ. భానుప్రసాద్ దాని పక్కన ఒదిగి కూసున్నడు. కారు ముంగట జెండా, అద్దాలకు నల్ల కాయితం.

తొవ్వ పొడుగునా నాట్లేసేటోళ్లు నడుము లేపి కారుకు దండం పెట్టిండ్రు. బోధన్ చౌరస్తా కాడ ట్రాఫిక్ ఆగింది. కుక్కకు గాలి ఆడుత లేదని భానుప్రసాద్ అద్దం బెత్తెడు దించిండు.

ఎక్కడి నుంచి వచ్చిందో లింగవ్వ వచ్చింది. ఆమెకు ఒక కంట్ల శుక్లం. బెత్తెడు సందుల నుంచి అర్జీ లోపటికి పెట్టి, “కొడుకా, బోరింగ్…” అన్నది.

కుక్క ముందుకు ఒంగింది. అర్జీని మెత్తగ నోటితోని అందుకొని సీటు మీద పెట్టింది. లింగవ్వ చెయ్యి ఇంక సందులనే ఉంటే, దాన్ని గూడ ఒకమారు నాకింది.

సిగ్నల్ పడ్డది. కారు కదిలింది. లింగవ్వ తడిసిన చెయ్యి చూసుకుంట రోడ్డు మీదనే నిలబడ్డది.

“అయిదోమారుకు తీస్కున్నడు,” అన్నది పక్కనున్న పూలామెతోని. “చేతికి ముద్దు గూడ పెట్టిండు. ఊకెనే ఆడిపోసుకున్న. సారు మంచోడే.”